మూడు చిల్లుల కాగితం

2008 సెప్టెంబర్ 6, శనివారం

ఆఫీసులో నిన్న ఇంకో పదకొండు మందిని పంపించేశారు. నా వంతు ఎప్పుడో తెలీదు. గ్రీన్ కార్డ్ మధ్యలో ఉంది, ఉద్యోగం పోతే అదీ పోయినట్టే. మా ఆవిడ మృదులకి చెబితే తిండి మానేస్తుంది. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది. అందుకని ఈ నోట్‌బుక్.

సాయంత్రం పరంధామయ్యగారింట్లో భోజనం. డెబ్బై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళ కిందట డెట్రాయిట్ వచ్చి సర్జన్‌గా వేలమంది కడుపులు కోసి కుట్టారు. రిటైరయ్యాక కూడా శనివారం పొద్దున ఫ్రీ క్లినిక్‌కి వెళ్ళి గడ్డలు తీస్తారు, గాయాలకి కుట్లు వేస్తారు. ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళలో జింకల వేటకి వెళ్ళేది ఆయనొక్కరే. ఆయన భార్య లీల ఆంటీ ఆ మాంసం తన గిన్నెల్లో వండనివ్వదు, గరాజ్‌లో ఆయనకి వేరే స్టవ్ ఉంది.

భోజనాలయ్యాక నన్ను బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళి పాత దుప్పటి విప్పారు. త్రీ నాట్ త్రీ. మనవైపు పోలీసుల భుజాన చూసిన తుపాకీయే. ఇనుము మీద 'ఇషాపూర్, 1942' అని మన దేశపు తుపాకుల ఫ్యాక్టరీ ముద్ర చెక్కి ఉంది.

"ఎనభై ఆరులో ఇక్కడే ఒక గన్ షాప్‌లో ఈ అక్షరాలు చూశానోయ్. అక్కడికక్కడే కొనేశాను. మా నాన్న ఏలూరు రిజర్వ్ పోలీసులో ఇరవై రెండేళ్ళు ఇలాంటిదే మోశాడు. ఒక్కసారీ పేల్చలేదు, రోజూ తుడిచాడు. నేను తుడవనూ తుడుస్తాను, పేలుస్తాను కూడా."

ఇప్పుడు కంట్లో శుక్లం వచ్చి గొట్టం చివరి గుర్తు మసకేస్తోందట. పైన దుర్భిణీ లాంటి స్కోప్ పెట్టించాలి. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఇవ్వడం ఇష్టం లేదు. "వాడికిది తుక్కు ఇనుము. నువ్వు మైక్రాన్లు కొలిచే మనిషివి. నువ్వు చెయ్యి గోపీ" అన్నారు.

సంబరపడిపోయాను, ఒప్పుకోవాలి. కార్ల భాగాలు కొలిచి ఇది వెంట్రుకవాసి తప్పు, అది తప్పు అని చెప్పడమే నా ఉద్యోగం. పదేళ్ళలో ఎవరూ నాకు ఏదీ చేసిపెట్టమని అడగలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

నాలుగు రంధ్రాలు. అరవై ఆరేళ్ళుగా ఒక్క గీత పడని ఇనుముకి నేను నాలుగు రంధ్రాలు వేశాను.

స్కోప్‌ని పట్టుకునే మౌంట్‌ని తుపాకీ ఎడమ పక్కన మరలతో బిగించాలి. మరలకి రంధ్రాలు కావాలి. డాక్టర్‌గారు ఆపరేషన్‌కి ముందు చర్మం మీద గీసే ఊదారంగు పెన్ను తెచ్చి, నేను కొలిచి చెప్పినచోట నాలుగు చుక్కలు పెట్టారు. ఆ చెయ్యి చూడాలి. డెబ్బై ఏళ్ళకి ఆ చుక్కల్లో ఒక్కటీ వణకలేదు.

డ్రిల్ ఆన్ చేసేసరికి లేచి నిలబడ్డారు. "నేను చూడనోయ్. సొంతవాళ్ళకి సర్జరీ చేసేటప్పుడు మమ్మల్ని థియేటర్లోకి రానివ్వరు." మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "మత్తు సరిగ్గా ఇచ్చావా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

నాలుగూ బ్రహ్మాండంగా వచ్చాయి. నా మీద నాకే ముచ్చటేసింది.

సెప్టెంబర్ 20, శనివారం

ఇవాళ గురి కలిపాం. తుపాకీని బల్ల మీద బిగించి, వెనక గొట్టాన్ని మూసే బోల్ట్ తీసేస్తే గొట్టంలోంచి ఎదురు గోడ కనిపిస్తుంది. గోడ మీద నల్లచుక్క. గొట్టంలోంచి చూస్తే చుక్క నడిమధ్యన ఉండాలి, స్కోప్‌లోంచి చూసినా రెండు గీతలూ అదే చుక్క మీద కలవాలి. మూడు గంటలు పట్టింది. లీల ఆంటీ రెండుసార్లు కాఫీ తెచ్చి, రెండుసార్లూ చల్లారిపోయిన కప్పులు తీసుకెళ్ళింది.

"ఇంక కొట్టినచోట తగలాల్సిందే" అన్నాను.

"అదెలా? పేల్చి చూడాలి. గుండు దెబ్బకి మౌంట్ సర్దుకుంటుంది. మూడు పేల్చు, ఎక్కడ తగిలాయో చూడు, మరలు తిప్పు, మళ్ళీ బిగించు, మళ్ళీ మూడు పేల్చు. మూడూ నడిమధ్యన పడేదాకా పని అయినట్టు కాదు" అన్నారు.

నా లెక్క మీద నాకు నమ్మకం ఉంది. వాదించలేదు.

సెప్టెంబర్ 27, శనివారం

సోమవారం ఆయన కంటికి ఆపరేషన్. ఆరు వారాలు తుపాకీ భుజానికి ఆనించకూడదన్నారట, దెబ్బ కంటికి తగులుతుందని. వేట సీజన్ నవంబర్ 15న మొదలు. అందుకని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి పేల్చి చూసే పని నాకు అప్పజెప్పారు. పోయినేడు ఆయనతో ఒక స్నేహితుడి పొలానికి సరదాగా వెళ్ళి నాలుగు పేల్చాను కదా, ఆ ధైర్యం ఆయనకి. పన్నెండు తూటాలు లెక్కపెట్టి ఇచ్చారు. "తొమ్మిది చాలు. మూడు నీ సరదాకి."

ఇంటికొచ్చి చెబితే మృదుల గయ్యిమంది. "మీకు మతి పోయిందా? వీసా మీద ఉన్నవాళ్ళు గన్ ముట్టుకోకూడదని మా ఆఫీసులో చెప్పుకుంటుంటే విన్నాను. ఇప్పుడే కావాలా ఈ సోకు?"

నెట్‌లో వెతికితే హంటింగ్ లైసెన్స్ ఉంటే పర్వాలేదని ఒకడు, ఏం ఉన్నా కుదరదని ఇంకొకడు. లాయర్‌కి మెయిల్ పెడదామంటే అదీ ఫైల్‌లో ఎక్కుతుందేమోనని భయం. డాక్టర్‌గారికి ఈ గోల అర్థం కాదు. నేను బడికెళ్ళేనాటికే ఆయన ఈ దేశపు పౌరుడు.

అక్టోబర్ 4, శనివారం

వెళ్ళొచ్చాను.

అక్టోబర్ 11, శనివారం

టార్గెట్ కాగితం ఇచ్చేశాను. మూడు చిల్లులు, నడిమధ్యన, ఒకదాన్నొకటి ఆనుకుని. పరంధామయ్యగారు కంటికి నల్లద్దాలతో కుర్చీలోంచి లేచి నన్ను కావిలించుకున్నారు. "లీలా, చూడవే! మూడూ ఒకేచోట! ఇంత పొందిగ్గా నేనెప్పుడూ కొట్టలేదు." ఆంటీ దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించింది.

బొబ్బట్లు పెట్టారు. తిన్నాను.

అక్టోబర్ 12

రాయడానికేం లేదు.

నవంబర్ 1, శనివారం

ఇంకో ఆరుగురు పోయారు. నేనున్నాను.

అనన్య హాలోవీన్ చాక్లెట్లు నేల మీద పరిచి రంగులవారీగా సర్దుతోంది. ఏడేళ్ళకే అంతా తండ్రి పోలిక అంటుంది మృదుల.

స్కోప్ సంగతి ఆలోచించాను. బేస్‌మెంట్‌లో గురి అంత కచ్చితంగా కలిశాక ఎంత తేడా వస్తుంది? మహా అయితే ఒక అంగుళం. జింక ఏమైనా చిన్నదా?

నవంబర్ 14, శుక్రవారం

పొద్దున్నే పరంధామయ్యగారు అప్ నార్త్, ఉత్తరాన అడవులకి బయల్దేరారు, పాత ఆస్పత్రి స్నేహితుడితో. వెళ్తూ ఫోన్ చేశారు. "ఆఫీసు ఒక్కరోజు ఎగ్గొట్టి రావచ్చు కదోయ్. నీ చేతి పని నీ కళ్ళతో చూసుకుందువు."

ఆఫీసులో కొత్త పార్ట్ రిలీజ్ ఉందన్నాను. రిలీజ్ లేదు, ఏమీ లేదు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఫోన్ చేతిలోనే ఉంది, ఆయన ఇంకా ఊరు దాటలేదు. 'ఒక్కసారి దారిలో మూడు పేల్చి చూసుకోండి' అంటే చాలు, ఎందుకని కూడా అడిగేవారు కాదు. "హ్యాపీ హంటింగ్ సార్" అన్నాను.

నవంబర్ 17, సోమవారం

మృదుల చెప్పింది, ఆంటీ ఫోన్ చేసిందట. డాక్టర్‌గారు రెండ్రోజులకే తిరిగొచ్చేశారు. ఎవరితోనూ మాట్లాడటం లేదట.

నవంబర్ 22, శనివారం

వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే బాగుండును అనిపించింది, వెళ్ళకపోతే ఇంకా అధ్వాన్నం.

ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఫ్రిజ్, ఫ్రిజ్ మీద నా కాగితం. నేను అడక్కుండానే చెప్పారు.

"మొదటిరోజు పొద్దున్నే వచ్చింది. మగజింక. ఎనభై గజాలు, పక్కకి తిరిగి, కదలకుండా నిలబడింది. గుండె మీద గురి. ఊపిరి బిగబట్టి మెల్లిగా నొక్కాను. ఎగిరిపడి, పరిగెత్తింది. వెళ్ళి చూస్తే మంచు మీద రక్తం, అందులో పచ్చగా పసరు. పసరు అంటే తెలుసా? పొట్టలో తగిలింది. పేగులు చిల్లుపడ్డాయి. నలభై ఏళ్ళు అవే పేగులు కుట్టినవాణ్ణి, నాకొకడు చెప్పాలా? అలా తగిలితే వెంటనే చావదు గోపీ. ఒక రోజో, ఒకటిన్నర రోజో."

చీకటిపడేదాకా వెతికారట. మర్నాడు మళ్ళీ. రాత్రి పడ్డ మంచు జాడ మొత్తం కప్పేసింది. దొరకలేదు.

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కదాన్నీ బాధపెట్టి వదల్లేదు. చెయ్యి వణికింది. నాకు తెలియకుండానే వణికింది, అదీ భయం." కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, వేరేవాళ్ళ వస్తువేదో చూస్తున్నట్టు చూశారు. "తుపాకీని అనడానికి లేదు. నువ్వు మూడు ఒకేచోట కొట్టావు కదా."

అదే అదను. ఆంటీ కూడా అక్కడే ఉంది. నేను నోరు తెరిచి, "మంచులో లైటింగ్ వేరుగా ఉంటుంది సార్" అన్నాను.

లైటింగ్!

నవంబర్ 23, ఆదివారం

ఈ నోట్‌బుక్‌కి కూడా అబద్ధమే చెప్పాను. ఎవడు చదవొచ్చాడని?

అక్టోబర్ 4న వెళ్ళింది నిజం. తుపాకీ ట్రంక్‌లో పెట్టుకుని నలభై నిమిషాలు డ్రైవ్ చేశాను, స్పీడ్ లిమిట్‌కి అయిదు మైళ్ళు తక్కువలో. రేంజ్ కౌంటర్ మీద ఫారం ఇచ్చారు. పేరు, అడ్రసు. ఆ కింద, పౌరుడివా, కాకపోతే ఏ వీసా. ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. వెనక ఎవరో "యూ ఓకే, బడ్డీ?" అన్నాడు. కార్లో ఏదో మర్చిపోయానని బయటికొచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

అంతవరకు నేను చేసింది తప్పేం కాదు. భయపడ్డాను, అంతే. భయపడ్డానని చెబితే సరిపోయేది. ఆయన నవ్వేవారు, కంటి గడువు తీరాక ఆయనే వెళ్ళి పేల్చుకునేవారు.

నేనేం చేశానంటే, సోమవారం ఆఫీసు టూల్ రూమ్‌లో రబ్బరు వాషర్లు కోసే పంచ్‌ల పెట్టె తెరిచాను. తూటా తల ముందే కొలిచి పెట్టుకున్నాను, 7.9 మిల్లీమీటర్లు. అయిదు బై పదహారు అంగుళాల పంచ్ 7.94. టార్గెట్ కాగితాన్ని చెక్క మీద పెట్టి మూడు దెబ్బలు కొట్టాను. ఒకదాన్నొకటి ఆనుకునేలా కొట్టాను. కాస్త దూరదూరంగా కొట్టినా ఆయన నమ్మేవారు. ఆయన మెచ్చుకోవాలని దగ్గరగా కొట్టాను. ఇదంతా చేస్తున్నంతసేపూ, పాడు బుద్ధి, పని శుభ్రంగా వస్తోందని సంతోషంగా ఉండింది.

పన్నెండు తూటాల్లో మూడు 'సరదాకి వాడలేదు' అని తిరిగి ఇచ్చేశాను. తొమ్మిది గరాజ్‌లో పాత సాక్సులో ఉన్నాయి.

ఆ కాగితమే లేకపోతే ఆయన తనే వెళ్ళి చూసుకునేవారు. నాలుగు రోజుల టైముంది ఆయనకి.

నవంబర్ 27, గురువారం, థాంక్స్‌గివింగ్

పరంధామయ్యగారింట్లో భోజనం. ప్రతి ఏడూ లాగే. ఈసారి ఆయన సరదాలేం లేవు. తిన్నాక రెండు మాటలు చెప్పారు.

మొదటిది: క్లినిక్ మానేశారు. "వణికే చేత్తో కత్తి పట్టుకోకూడదు. నా కింద పనిచేసిన కుర్ర సర్జన్లకి నేనే చెప్పేవాణ్ణి, ఆ రోజు వస్తే మీకు మీరే తెలుసుకుని తప్పుకోండి అని. నాకు వచ్చింది." ఫోన్ చేసి చెప్పేశారట. ఆంటీ పైటతో ముక్కు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. "శనివారం పొద్దున ఏడింటికల్లా తయారై కూర్చుంటారు. ఎక్కడికీ వెళ్ళరు" అని మృదులతో అంటుంటే వినపడింది.

రెండోది: తుపాకీ నాకిస్తారట. "నీ గ్రీన్ కార్డ్ రానీ, పద్ధతి ప్రకారం రాసిస్తాను. అమ్మడానికి మనసొప్పదు. దాన్ని సరిగ్గా పేల్చినవాడివి నువ్వే." అని ఫ్రిజ్ వైపు చూపించారు.

తల కొట్టేసినట్టయింది. అందరూ నన్నే చూస్తున్నారు. "థాంక్స్ సార్" అన్నాను. నేనే అన్నానా ఆ మాట? నేనే అన్నాను.

కార్లో మృదుల, "ఏమైంది మీకు? అలా పాలిపోయారేం?" అంది. ఇంటికొచ్చి గరాజ్‌లో నిలబెట్టి అంతా చెప్పాను. సాక్సు చూపించాను. కేకలేస్తుందనుకున్నాను. సాక్సు చేతిలోకి తీసుకుని బరువు చూసింది. తర్వాత, "నేను భయపెట్టాను, అందుకా?" అంది.

కాదన్నాను. ఆ ఒక్కటి మాత్రం ఆమె మీద తోసెయ్యబుద్ధి కాలేదు.

నవంబర్ 28

రేపు.

నవంబర్ 29, శనివారం

ఏడింటికే వెళ్ళాను. ఆంటీ చెప్పినట్టే ఆయన ప్యాంటూ చొక్కా వేసుకుని, బల్ల దగ్గర పేపర్ మడత విప్పకుండా కూర్చుని ఉన్నారు.

నేను కూర్చోలేదు. సాక్సు విప్పి తొమ్మిది తూటాలూ బల్ల మీద నిలబెట్టాను. వరసగా, మూడేసి. ఒకటి దొర్లి కింద పడింది. ఆయనే వంగి తీసి పెట్టారు.

"ఇవేంటి?"

"నేను పేల్చలేదు సార్. ఒక్కటి కూడా పేల్చలేదు. రేంజ్‌కి వెళ్ళి, ఫారం చూసి భయపడి తిరిగొచ్చేశాను. ఆ కాగితం పంచ్‌తో నేను తయారుచేశాను."

ఆంటీ స్టవ్ కట్టేసింది.

ఆయన లేచి, ఫ్రిజ్ మీంచి కాగితం తీసి, సొరుగులోంచి భూతద్దం తెచ్చుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు చూశారు. "గుండు దూరితే చిల్లు అంచున మసి వలయం ఉంటుంది. వందలసార్లు చూశాను." భూతద్దం దించారు. "ఇది చూడనేలేదు. నువ్వు తెచ్చావు కదా, ఎందుకు చూస్తాను?"

తిట్టి ఉంటే బాగుండును. కొట్టినా బాగుండును.

"సారీ సార్" అన్నాను. "నావల్లే..."

"నాకెందుకు సారీ? నాకు రెండు వారాలు నిద్రలేదు, అంతేగా. ఒకటిన్నర రోజు పట్టి ఉంటుంది దానికి. దాని సంగతేం చేస్తావు?"

అక్కడే నిలబడి ఏడ్చాను, ముప్ఫై ఆరేళ్ళవాణ్ణి. ఆయన ఓదార్చలేదు.

గుమ్మం దాకా వచ్చాక వెనకనించి అన్నారు, "రేపు పదింటికి రా. రేంజ్‌కి వెళ్దాం. నేను పేలుస్తాను, నువ్వు చూడు."

నవంబర్ 30, ఆదివారం

అదే కౌంటర్, అదే ఫారం. ఆయన మెంబర్, నేను గెస్ట్. ఏ వీసా అన్నచోట H-1B అని రాశాను. ఆ కుర్రాడు దాన్ని చూడకుండానే ట్రేలో పడేశాడు.

వంద గజాలు. ఆ తొమ్మిదిలోంచే మూడు తూటాలు నింపారు. నేను పక్క బల్ల మీదున్న దూరదర్శినిలోంచి టార్గెట్ చూస్తున్నాను. మొదటిది పేలింది. నడుమ ఏమీ లేదు. అటూ ఇటూ వెతికితే కాగితం ఎడమ అంచున కనిపించింది, ఏడంగుళాల అవతల. రెండోది దాని పక్కనే. మూడోది ఆ రెండింటి మధ్యన.

కాల్పులు ఆపమని గంట కొట్టాక నడిచి వెళ్ళాం. మూడు చిల్లుల మీదా ఆయన బొటనవేలు పెట్టారు. మూడూ ఒక నిమ్మకాయ కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. అంచుల్లో మసి. ఎడమకి ఏడంగుళాలు అంటే, కుడివైపుకి మొహం పెట్టి పక్కకి తిరిగిన జింకకి గుండె నుంచి పొట్ట.

బల్ల దగ్గరికి వచ్చి మౌంట్‌ని వేళ్ళతో పట్టుకుని ఊపారు. కదిలింది. రెండు మరలు వదులయ్యాయి. నా ట్రంక్‌లో కుదుపులకే వదులై ఉంటాయి. నేను ఒక్కసారి పేల్చి ఉంటే ఆ రోజే తెలిసేది.

ఆయన కుడిచెయ్యి ముందుకు చాపి వేళ్ళు విడదీసి చూసుకున్నారు. అరనిమిషం ఉంచారు. ఏ వేలూ కదల్లేదు.

"చెయ్యి బాగానే ఉంది" అన్నారు. నాతో కాదు.

తర్వాత స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు. "విప్పెయ్."

స్కోప్ విప్పాను. మౌంట్ విప్పాను. ఊదారంగు చుక్కలు పెట్టిన నాలుగుచోట్లా నాలుగు రంధ్రాలు మిగిలాయి. ఆయన వాటిని గుడ్డతో తుడిచారు. కొత్త కంటితో పాత ఇనప గుర్తు ఎలా కనిపిస్తోందో చూసుకున్నారు. తుపాకీ నాకిస్తానన్న మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

దారిలో కార్ ఆపి క్లినిక్‌కి ఫోన్ చేశారు. వచ్చే శనివారం నుంచి వస్తానని, తన చెయ్యి తను పరీక్షించుకున్నానని చెప్పారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

దింపేటప్పుడు కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. నా పంచ్ కాగితం. "ఇది నా ఇంట్లో ఉండకూడదు. నీ ఇంట్లో పెట్టుకో. ఫ్రిజ్ మీద పెట్టు, అందరికీ కనిపించేచోట."

"సరే సార్."

"సార్ ఏంటోయ్" అని, తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ మాట ఎలా తీసుకోవాలో తెలియడం లేదు.

డిసెంబర్ 6, శనివారం

ఇవాళ ఆయన క్లినిక్‌కి వెళ్ళారట. ఆంటీ మృదులకి ఫోన్ చేసి ఏడ్చిందట, సంతోషంతో. మమ్మల్ని భోజనానికి పిలవలేదు. ఎప్పుడు పిలుస్తారో తెలీదు.

వారం రోజులు ఆ కాగితాన్ని కారు అరలోనే దాచాను. ఇవాళ తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను, అనన్య స్కూల్ బొమ్మల పక్కన. అంటించి రెండు నిమిషాలు కాలేదు.

"వావ్ నాన్నా! ఇది నువ్ షూట్ చేశావా? త్రీ ఇన్ వన్ ప్లేస్!"

మృదుల గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"లేదమ్మా. నేను షూట్ చెయ్యలేదు. ఆఫీసులో పంచ్‌తో చేశాను."

"బట్ వై?"

దాన్ని స్టూల్ మీద కూర్చోబెట్టి చెప్పాను. ఫారం సంగతి, భయం సంగతి, డాక్టర్ తాతగారు నమ్మిన సంగతి, జింక సంగతి. దాచలేదు. ఏడేళ్ళ పిల్లకి చెప్పాలా ఇవన్నీ అని మృదుల అనలేదు.

అది అంతా విని, కాగితం మీది చిల్లుల్లో ఒకదాంట్లో వేలు పెట్టి తీసింది.

"ఆ డీర్ ఇంకా అక్కడే ఉందా, స్నోలో?"

"ఉందమ్మా" అన్నాను.